మొన్న పోయిండు

పాతబస్తీలో నిన్న కానిదంతా మొన్నే. ఛత్రినాకలో ఎవరినైనా అడిగి చూడండి. వీధి చివర నల్లా ఎప్పుడు వేశారంటే మొన్న వేశారంటారు. వేసి పుష్కరం దాటింది. సాయిలు పెళ్ళి ఎప్పుడైందంటే మొన్ననే కదా అంటారు. సాయిలు కొడుకు అప్పటికే ఆటో నడుపుతుంటాడు. మూసీకి పెద్ద వరద వచ్చి సగం ఊరు కొట్టుకుపోయిన సంగతిని, చూసినవాడు ఒక్కడూ బతికి లేకపోయినా, "మొన్న వరదొచ్చినప్పుడు" అని మొదలుపెట్టే ముసలివాళ్ళు నాకు తెలుసు. ఉర్దూ మాట్లాడే వాళ్ళకు ఇదే పర్సోఁ. ఈ అలవాటు వల్ల ఇన్నాళ్ళూ ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. రాహేలుకు వచ్చింది.

రాహేలు తొమ్మిదో తరగతి. శాలిబండలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో చదువుతుంది. తండ్రి భిక్షపతి ఆర్టీసీ కండక్టరు. తల్లి పుష్పమ్మ మున్సిపాలిటీలో రోడ్లు ఊడుస్తుంది. ఆ ఏడు బడికి జపాన్‌లోని ఒక స్కూలుతో ఒప్పందం కుదిరింది. అక్కడి నుంచి ఆరుగురు పిల్లలు వచ్చి ఇక్కడి ఆరుగురి ఇళ్ళల్లో పది రోజులుంటారు. వేసవిలో ఈ ఆరుగురు అక్కడికి వెళ్ళి వాళ్ళ ఇళ్ళల్లో ఉంటారు. ఖర్చంతా వాళ్ళే పెట్టుకుంటారు. షరతు ఒక్కటే. ఏ పిల్ల ఎవరింట్లో ఉంటే, తిరిగి ఆ పిల్ల ఇంటికి వాళ్ళే వెళ్ళాలి. ఇంట్లో అతిథి లేకపోతే ప్రయాణమూ లేదు. ఇంగ్లీషులో రాహేలు క్లాసులో మొదటిది కాబట్టి పేరు వచ్చింది గానీ, లేకపోతే ఛత్రినాకలో రెండు గదుల రేకుల ఇంటికి విదేశీ పిల్లను ఎవరు పంపుతారు?

పేర్లు చదివిన రోజు మిగతా ఐదుగురూ మంచు గురించీ, వేగంగా పోయే రైళ్ళ గురించీ తెగ మాట్లాడుకున్నారు. రాహేలు కోరిక వేరు, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ చచ్చిపోని ఇంట్లో పది రోజులు పడుకోవాలని ఆ పిల్ల కోరిక.

ఆమె అన్న క్రాంతి నాలుగేళ్ళ కింద డెంగీ జ్వరంతో పోయాడు. అప్పుడతను ఇంటర్ చదువుతున్నాడు. గోడ మీద క్యాలెండర్లు మారుతూనే ఉన్నాయి గానీ పుష్పమ్మకు రోజు మారలేదు. ముందు గదిలో అతని మంచం అలాగే ఉంది, పక్క పరిచి. గడప పక్కన అతని బూట్లున్నాయి, పాలిష్ చేసి. శనివారం శనివారం పుష్పమ్మ పెట్టెలోంచి కొడుకు తెల్లచొక్కాలు రెండూ, నీలం ప్యాంటూ తీసి, ఉతికి దండెం మీద ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్ళీ పెట్టెలో పెడుతుంది. ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే "పెట్టెల పెడితే ముక్కిపోవా?" అంటుంది. ఇంతకు మించి ఆమెలో తేడా ఏమీ లేదు. తెల్లవారకముందే చీపురు పట్టుకుని పనికి పోతుంది, చీటీ కడుతుంది, ఇరుగుపొరుగుతో నవ్వుతుంది, నల్లా దగ్గర లొల్లి పెడుతుంది. ఆమె పిచ్చిది కాదు. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను.

ఆ మంచం మీద రాహేలును కూడా కూర్చోనిచ్చేది కాదు. తల్లీకూతుళ్ళు లోపలి గదిలో చాప మీద పడుకునేవారు. నిద్రలో అటు దొర్లి తలుపులోంచి చూస్తే ఖాళీ మంచం కనిపించేది. బతికున్న తనకు చాప, లేని అన్నకు మంచం అని రాహేలుకు ఒక్కోసారి కోపం వచ్చేది. కోపం వచ్చినందుకు మళ్ళీ ఏడుపు వచ్చేది.

ఎంపికకు ముందు ఇల్లు చూడటానికి కీర్తిప్రియ మేడం వచ్చింది. ఆ కార్యక్రమం అంతా ఆమె చేతి మీదే నడిచేది. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చింది, మంచి మనిషి. పుష్పమ్మ డ్యూటీలో ఉండే వేళ చూసి రాహేలే ఆమెను రమ్మంది. మేడం రావడానికి ముందు గోడకున్న అన్న ఫోటో తీసి, బూట్లతో కలిపి గుడ్డలో చుట్టి మంచం కిందికి తోసింది. చచ్చిపోయిన వాళ్ళ ఫోటో ఉంటే ఇల్లు దిగులుగా కనిపిస్తుందని ఆమె భయం.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అని మేడం అడిగింది.

"ముగ్గురం మేడం."

"మరి ఈ మంచం?"

"సుట్టాలొస్తే పండుకుంటరు మేడం."

మేడం తృప్తిగా తల ఊపి వెళ్ళింది. తల్లి ఇంటికి వచ్చేసరికి ఫోటో మళ్ళీ మేకుకూ, బూట్లు గడప పక్కకూ చేరాయి. పాపం, అడుసు తొక్కుతున్నానని ఆ పిల్లకు అప్పుడు తెలియదు.

శుక్రవారం సాయంత్రం జపాన్ పిల్ల వచ్చింది. పేరు నత్సుమి. పుష్పమ్మ నాలుకకు ఆ పేరు లొంగలేదు. రెండుమూడు సార్లు ప్రయత్నించి "నచ్చమ్మ" అని ఖాయం చేసింది. ఆ పిల్ల కూడా నవ్వి ఒప్పుకుంది. రాహేలు లోపలి గదిలో చాప పక్కన ఇంకో చాప వేస్తుంటే పుష్పమ్మ వచ్చి ఆపింది.

"గంత దూరం కెల్లి అచ్చిన పిల్ల కింద పంటదా? మంచం మీద పండనీ."

రాహేలు తల్లి మొహంలోకి చూసింది. "ఏ మంచం అమ్మా?"

"ఇంట్ల ఎన్ని మంచాలున్నయే?" అని పుష్పమ్మ తానే వెళ్ళి పాత దుప్పటి తీసి కొత్తది పరిచింది. నాలుగు మూలలా చేత్తో సాపు చేసింది. సాపు చేస్తూ ఒకచోట చెయ్యి ఆగింది, మళ్ళీ కదిలింది. రాహేలు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఇంక ఈ ఇల్లు మామూలు ఇల్లవుతుందేమోనని ఆ రాత్రి ఆమెకు ఆశ పుట్టింది. నాలుగేళ్ళలో అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు.

తెల్లవారింది. భిక్షపతి శ్రీశైలం బస్సు మీద డ్యూటీకి వెళ్ళిపోయాడు, మర్నాటికి గానీ రాడు. పుష్పమ్మ అతిథి కోసమని సెలవు పెట్టింది. ఆ రోజు శనివారం కాబట్టి వేకువనే లేచి చొక్కాలు ఉతికి దండెం మీద వేసింది. కారం లేని ఉప్మా చేసింది. నత్సుమి స్నానం చేసి, తల దువ్వుకుని, పసుపు పచ్చ క్లిప్పు పెట్టుకుని ఉప్మా ముందు కూర్చుంది. తింటూ తింటూ గోడకున్న ఫోటో చూసి, ఎవరన్నట్టు చేయి చూపింది.

భాష రాకపోయినా ఆ చేయి పుష్పమ్మకు అర్థమైంది. కొంగుతో చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చింది.

"నా కొడుకు. క్రాంతి. మొన్న పోయిండు బిడ్డా. జరమొచ్చి పోయిండు. రాత్రి నువ్వు పన్నది ఆని మంచమే." కూతురి వైపు తిరిగింది. "చెప్పవే ఆ పిల్లకు."

రాహేలు అద్దం ముందు జడ వేసుకుంటోంది. పళ్ళ మధ్య రిబ్బను ఉంది. బడి బస్సుకు వేళవుతోంది. ఒకటో తరగతిలో చేతులు కట్టుకుని పాటలా వల్లించిన పాఠం అది: నిన్న అంటే ఎస్టర్‌డే, మొన్న అంటే డే బిఫోర్ ఎస్టర్‌డే. రిబ్బను తీసి, వెనక్కి తిరగకుండానే చెప్పేసింది.

"మై బ్రదర్. హి డైడ్ డే బిఫోర్ ఎస్టర్‌డే. ఫీవర్. దట్ ఈజ్ హిజ్ బెడ్."

వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాటకు గది దాటాల్సిన పని కూడా పడలేదు.

నత్సుమి చెంచా కింద పెట్టింది. ఆ పిల్ల లెక్క వేసుకుంది. మొన్న అంటే గురువారం. గురువారం ఈ ఇంట్లో కొడుకు చచ్చిపోతే, శుక్రవారం తాను పెట్టె పట్టుకుని నవ్వుకుంటూ వచ్చి ఆ కొడుకు మంచం మీదే పడుకుంది. గడప పక్కనున్న బూట్లు చూసింది. కిటికీలోంచి బయట దండెం చూసింది. అబ్బాయి చొక్కాల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. మెల్లగా లేచి తలలోని పసుపు క్లిప్పు తీసి జేబులో వేసుకుంది. ఫోటో ముందు నిలబడి చేతులు జోడించి చాలాసేపు తల వంచింది.

పుష్పమ్మకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. "సూడే, పరాయి పిల్లకు ఎంత పాణం!" అని నత్సుమి తలను గుండెకు హత్తుకుంది. నత్సుమి కూడా ఏడ్చింది. రాహేలు రిబ్బను ముడి వేసుకుంటూ ఇద్దరినీ చూసి సంతోషపడింది. అంతా బాగానే ఉందనుకుంది.

ఆ రోజు అందరినీ బహదూర్‌పురా జూకు తీసుకెళ్ళారు. ఆరుగురు జపాన్ పిల్లలు, వాళ్ళతో వచ్చిన సకాయ్ సార్, ఇక్కడి ఆరుగురు, కీర్తిప్రియ మేడం, సాయానికి అమృత. అమృత శ్రీహరిరావు అనే ప్రభుత్వ ఆఫీసరు కూతురు, కోస్తా వైపు వాళ్ళు. జాబితాలో ఏడో పేరు ఆమెది. ఆరుగురిలో ఎవరైనా తప్పుకుంటే అమృత వస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ఆ పిల్ల ఎవరి మీదా అసూయ చూపలేదు, నీళ్ళ సీసాలు మోస్తూ అందరితో తిరిగింది.

మిగతా జపాన్ పిల్లలు ఏనుగును చూసి అరిచారు, కోతులకు ఎదురు పళ్ళికిలించి ఫోటోలు దిగారు. నత్సుమి ఒక్క ఫోటో తీయలేదు. ఐస్‌క్రీమ్ వద్దంది. రాహేలు ఎంత నవ్వించినా నవ్వలేదు. చివరికి పులి దగ్గర ఆగి, మాటలు కూడదీసుకుంటూ ఇంగ్లీషులో అంది:

"రాహేలూ, నువ్వు ఇంటికి వెళ్ళిపో. నా కోసం ఇక్కడ ఉండొద్దు. మీ ఇంట్లో నేను ఉండటం మంచిది కాదు."

ఇల్లు నచ్చలేదనుకుంది రాహేలు. రేకుల కప్పు, బయటున్న స్నానాల గది, ఇరుకు సందు ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. "ఏం తప్పు జరిగింది? చెప్పు, నేను సరిచేస్తా," అని బతిమాలింది. నత్సుమి కాదు కాదని చేతులూపింది. ఆ పిల్ల బాధ వేరు. శోకంలో ఉన్న ఇంటి మీద తాను బరువుగా వచ్చి పడ్డానని ఆమె కుమిలిపోతోంది. ఒకరికొకరు జాలిపడుతూ, ఇద్దరూ వచ్చీరాని ఇంగ్లీషుతో పులి ముందు నిలబడి ఏడిచారు. పులి మాత్రం నీడలో పడుకుని ఇద్దరినీ పట్టించుకోలేదు.

కాసేపటికి నత్సుమి కనిపించలేదు. అమృత పరుగున వచ్చింది.

"రాహేలూ, మీ నత్సుమి సకాయ్ సార్ దగ్గర ఏడుస్తోంది. ఏమైంది? కీర్తిప్రియ మేడం నిన్ను రమ్మంటున్నారు."

జిరాఫీల ఎదురుగా చెట్టు కింద సిమెంటు బల్ల మీద మేడం కూర్చుని ఉంది. రాహేలును పక్కన కూర్చోబెట్టుకుంది. మొహంలో కోపం లేదు, కంగారు ఉంది.

"రాహేలూ, మీ అన్నయ్య మొన్న చనిపోయాడా?"

"అవును మేడం," అంది రాహేలు.

ఆ మాట నోటి నుంచి అలవాటుగా వచ్చేసింది. ఛత్రినాకలో ఎవరడిగినా అదే జవాబు చెప్పేది. సకాయ్ సార్ నోట డే బిఫోర్ ఎస్టర్‌డే అని విన్న మేడం మాత్రం మొన్న అంటే మొన్నే అనుకుంది. ఆమె నోరు తెరుచుకుపోయింది.

"గురువారమా? అన్నయ్య పోయిన మర్నాడు ఇంటికి అతిథిని తెచ్చుకున్నారా? ఇంత విషయం చెప్పొద్దూ?"

"గురువారమేంది మేడం?" రాహేలుకు అప్పుడు అర్థమైంది. పొద్దున అద్దం ముందు తాను అన్న నాలుగు ముక్కలూ చెవిలో మళ్ళీ వినిపించాయి. "మొన్న అంటే మొన్న కాదు మేడం! నాలుగేండ్లయింది. మేం గట్లనే అంటం. అందరు గట్లనే అంటరు."

మేడం మొహం తేలికపడింది. సకాయ్ సార్‌కు ఇంగ్లీషులో చెప్పింది, ఆయన నత్సుమికి జపాన్ భాషలో చెప్పాడు. నత్సుమి విని, ఎవరినీ తప్పు పట్టని గొంతుతో, నేల చూపులు చూస్తూ ఒక మాట అంది. సార్ దాన్ని ఇంగ్లీషు చేశాడు.

"కానీ ఆ అబ్బాయి బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి అంటోంది."

మేడం రాహేలు వైపు తిరిగింది. ఆమె కూడా ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది.

"నేను ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు గోడకి ఫోటో లేదే. బూట్లు కూడా లేవు. మంచం చుట్టాలది అన్నావు. నాలుగేళ్ళయితే ఫోటో అప్పుడు కూడా ఉండాలి కదమ్మా?"

నేనే దాచానని చెప్పాలి. ఎందుకు దాచావంటే చెప్పాలి. బట్టలెందుకు తడిగా ఉన్నాయో చెప్పాలి. నాలుగేళ్ళ నుంచి మా అమ్మ చచ్చిపోయినవాడి చొక్కాలు ఉతుకుతోందని, ఎండలో ఆరేసి ఇస్త్రీ చేస్తోందని, జిరాఫీల ముందు, ఐస్‌క్రీములు తింటున్న పిల్లల మధ్య చెప్పాలి. ఎలా చెప్పాలి? ఏ మాటతో మొదలుపెట్టాలి? అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. అమృత కూడా చూస్తోంది. అంత పెద్ద సంగతిని అన్నిటికంటే చిన్న మాటలో చుట్టేద్దామనుకుంది పిల్ల.

"మా అమ్మకు మతి సక్కగ లేదు మేడం. ఆమెనే గట్ల ఉతుకుతది. ఫోటో పెడతది, తీస్తది. ఆమెకేం తెల్వదు."

నోరా, వీపుకు తేకే అని సామెత. ఈ నోరు తెచ్చిన దెబ్బ తల్లి వీపు మీద పడింది.

మేడం రాహేలు తల మీద చేయి వేసింది. "ఎన్నాళ్ళ నుంచి? మందులు వాడుతున్నారా?" అని ఎంతో మెత్తగా అడిగింది. ఆ మెత్తదనం చూసి రాహేలు గండం గడిచిందనుకుంది. మేడం లేచి సకాయ్ సార్‌ను పక్కకు తీసుకెళ్ళింది. గాలికి ముక్కలు ముక్కలుగా మాటలు వినిపించాయి. మదర్. మెంటల్లీ. నాట్ సేఫ్. ఆమె తిరిగి వచ్చేసరికి ఫోన్ చెవి దగ్గరుంది. "శ్రీహరిరావు గారూ, ఇవాళ్టి నుంచే..." అంటోంది.

"నత్సుమి అమృత వాళ్ళింట్లో ఉంటుందమ్మా," అంది ఫోన్ పెట్టేసి. "అన్నయ్య ఎప్పుడు పోయినా పోనీ. ఆరోగ్యం బాగాలేని మనిషి ఉన్న ఇంట్లో పరాయి దేశం పిల్లను ఉంచలేను. రేపేదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది నేను."

రాహేలు బల్ల మీద నుంచి దిగి మేడం చేతులు పట్టుకుంది. "నేను అబద్ధమాడిన మేడం. మా అమ్మ మంచిగనే ఉంటది. రోజు పనికి పోతది. వంట చేస్తది. ఎవర్నైన అడుగుండ్రి. మా బాపును అడుగుండ్రి." మేడం భిక్షపతికి ఫోన్ చేసింది కూడా. బస్సు అడవి దారిలో ఉంది కాబోలు, ఫోన్ కలవలేదు.

"నువ్వు భయపడి మాట మారుస్తున్నావు. నాకు అర్థమవుతోంది. నీ తప్పేం లేదు," అంది మేడం.

"మరి జపాన్ ప్రయాణం మేడం?"

మేడం చూపు పక్కకు తిప్పుకుంది. "నత్సుమి ఎవరింట్లో ఉంటే వాళ్ళే కదమ్మా. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు రాహేలు పదో తరగతి. పదో తరగతి పిల్లలను ఎక్కడికీ పంపరు. అది మేడంకు తెలుసు, రాహేలుకూ తెలుసు. అమృత దగ్గరికొచ్చి "నేనేం అడగలేదు రాహేలూ, ఒట్టు," అంది. రాహేలుకు ఆ పిల్ల మీద కోపం కూడా రాలేదు. కోపం వస్తే బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

పెట్టె తేవడానికి మేడం, రాహేలు, నత్సుమి మధ్యాహ్నం ఆటోలో ఛత్రినాక వచ్చారు. సందు మొదట్లోకే మసాలా వాసన వచ్చింది. పుష్పమ్మ బగారన్నం, కోడికూర వండింది. పక్కింటి నుంచి అరువు తెచ్చిన గాజు పళ్ళేలు కడిగి బోర్లించి పెట్టింది. మేడంను చూసి సంబరపడి కుర్చీ తుడిచింది.

మేడం కూర్చోలేదు. పుష్పమ్మకు ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి, చాలా మెల్లగా, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"పుష్పమ్మా, మీరేం కంగారుపడొద్దు. మీ అబ్బాయి మొన్ననే పోయాడనుకుని ఈ పాప భయపడింది. అందుకని వేరే ఇంట్లో ఉంచుతున్నాం. మీరు విశ్రాంతి తీసుకోండి. సరేనా?"

పుష్పమ్మ మేడం మొహం చూసింది, కూతురి మొహం చూసింది. లోపలికి వెళ్ళి నత్సుమి పెట్టె తెచ్చి ఇచ్చింది. దండెం మీదున్న తువ్వాలు మడత పెట్టి ఇచ్చింది. తర్వాత టిఫిన్ గిన్నెలో అన్నమూ కూరా సర్ది ఇవ్వబోతే మేడం "వద్దులెండి, ఇప్పుడెందుకు," అని మొహమాటపడింది. నత్సుమి మాత్రం రెండు చేతులా గిన్నె అందుకుని, నడుము దాకా వంగి "అమ్మా" అంది. వచ్చాక నేర్చుకున్న తెలుగు అదొక్కటే. ఆటో సందు తిరిగేదాకా పుష్పమ్మ గుమ్మంలోనే నిలబడింది.

"ఆ మేడం నాతోని గంత మెల్లగ ఎందుకు మాట్లాడిందే?" అని అడిగింది లోపలికి వచ్చి.

రాహేలు బోర్లించిన గాజు పళ్ళేల వైపు చూస్తూ కూర్చుంది. ఇప్పుడు చెప్పేస్తే బాగుంటుందనుకుంది. అమ్మా, నేను నిన్ను పిచ్చిదన్న. అంతే, చిన్న మాట. పొద్దున్నుంచి ఎన్ని మాటలు అడక్కుండానే బయటికి వచ్చాయో, ఇది మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

"ఇగ నువ్వు జపాన్ పోవుడు లేదా?"

"లేదమ్మా."

"నా మాటకేనా?"

"కాదమ్మా, నీ మాటకు కాదు."

"కాదంటవేందే? మొన్న పోయిండని నేను జెప్పిన. ఆ పిల్ల నిజంగ మొన్ననే అనుకున్నది. ఇంట్ల పీనుగ లేసిన తెల్లారి ఎవరి పిల్లనన్న ఉండనిస్తరా?" పుష్పమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. కాసేపు కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. తర్వాత చటుక్కున లేచింది.

బయటికి వెళ్ళి దండెం మీది చొక్కాలు రెండూ, ప్యాంటూ లాగి తెచ్చింది. అవి ఇంకా పూర్తిగా ఆరలేదు. ఇస్త్రీ చేయకుండానే మడిచి పెట్టె అడుగున పెట్టి, పైన పాత చీరలు వేసి మూత వేసింది. బూట్లు కాగితంలో చుట్టి, కుర్చీ ఎక్కి సజ్జ మీదికి నెట్టింది. మంచం పట్టె మీద చేయి వేసి నిలబడింది.

"మీ బాపు అచ్చినంక దీన్ని గూడ అమ్మేద్దాం. ఫోటో తియ్యాల్నానే? మేడం సోమవారం అచ్చి సూస్తదా?"

"వద్దమ్మా. ఏం తియ్యకు. ఇగ లాభం లేదు."

"నువ్వూకో. తప్పు నాది. సోమవారం నేనే బడికొస్త. మేడంకు చెప్త, ఆ జపాన్ సారుకు గూడ చెప్త. ఇంగిలీషుల చెప్తేనే నమ్ముతరు." వచ్చి కూతురికెదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. "నాలుగేండ్లను ఏమంటరు?"

సోమవారం ఏం జరుగుతుందో రాహేలుకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. పుష్పమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ఆఫీసు గదిలో నిలబడుతుంది. మేడం ఆమెతో మళ్ళీ అంత మెల్లగానూ మాట్లాడుతుంది. మందులు సరిగ్గా వేసుకుంటున్నారా అంటుంది. ఏం మందులు మేడం అని అమ్మ అడుగుతుంది. అంతటితో అన్నీ తెలిసిపోతాయి. ఆపాలి. ఎలా ఆపాలో తెలియలేదు.

"చెప్పవేందే? నాలుగేండ్లు?"

"ఫోర్ ఇయర్స్ బ్యాక్."

"ఫోర్ ఇయర్స్ బ్యాక్," అంది పుష్పమ్మ. "నా కొడుకు?"

"మై సన్."

"మై సన్ ఫోర్ ఇయర్స్ బ్యాక్. గంతేనా? పోయిండు అనొద్దా?"

రాహేలు తల వంచుకుంది. "డైడ్ అనాలె."

"డైడ్ అంటే పోవుడేనా?"

తెలుగులో పోయినవాడు ఊరికి పోయినా పోయినవాడే. నాలుగేళ్ళలో పుష్పమ్మ ఆ ఒక్క మాటే వాడింది, ఇంకో మాట ఎప్పుడూ ఆమె నోట రాలేదు. ఇంగ్లీషు మాటలో ఆ వెసులుబాటు లేదని రాహేలుకు తెలుసు.

"కాదమ్మా," అంది. "సచ్చిపోవుడు."

పుష్పమ్మ ఫోటో వైపు చూడలేదు. నేల మీద ఒకచోట చూపు నిలిపి, పెదవులు తడుపుకుంది. మొదటిసారి మాట సగంలో తెగిపోయింది. రెండోసారీ అంతే. ఆగి, ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, బడిలో పిల్లలా నడుము నిటారుగా పెట్టి కూర్చుంది.

"మై సన్ డైడ్. ఫోర్ ఇయర్స్ బ్యాక్." కూతురి గదుమ పట్టుకుని పైకెత్తింది. "సక్కగ అన్ననా బిడ్డా?"

"మంచిగ అన్నవమ్మా," అంది రాహేలు.

"మరచిపోత. మల్లొకసారి అంట, ఇను," అని పుష్పమ్మ మళ్ళీ మొదలుపెట్టింది.